డాక్టర్ సలహా: ఉప్పు, నూనె తగ్గిస్తే ఎవరూ తినడం లేదు.. ఏం వండాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, ఉప్పల్ దగ్గర ఒక సపోర్టెడ్ హోమ్‌లో వంట చేస్తాను. మానసిక సమస్యల నుంచి కోలుకుంటున్నవాళ్లు 11 మంది ఉంటారు. అందరూ మందులు వాడుతున్నారు. చాలామంది బరువు పెరిగారు, ఇద్దరికి షుగర్. మోషన్ కావట్లేదని రోజూ ఎవరో ఒకరు అంటారు. ఒక పెద్దాయనకు తింటుంటే పొలమారుతుంది. మా మేనేజర్ ఉప్పు, నూనె సగానికి తగ్గించమన్నారు. అలా వండితే కంచాలు వదిలేసి బయట మిర్చి బజ్జీలు తెచ్చుకుంటున్నారు. ఏం వండమంటారు? ఆదివారం చికెన్ కూడా మానేయాలా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఉప్పు సంగతి చూద్దాం, మిగతావి తర్వాత. మీ 11 మందిలో మూడ్ మార్పులు అదుపులో ఉండటానికి ఇచ్చే లిథియం మాత్ర వేసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో ఈ రోజే అడగండి. ఉంటే వాళ్లకు ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు, ఎందుకంటే ఒంట్లో ఉప్పు తగ్గగానే కిడ్నీలు దాంతోపాటు లిథియాన్నీ బయటికి పోనివ్వకుండా పట్టుకుంటాయి, రోజూ వేసుకునే మాత్రే ఎక్కువైపోతుంది. ఎండాకాలం చెమటలు పట్టినా, విరేచనాలైనా ఇదే ప్రమాదం. చేతులు బాగా వణకడం, వాంతులు, మాట ముద్దగా రావడం, తూలడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఉప్పు ఎంత వేయాలన్నది వాళ్ల సైకియాట్రిస్ట్‌ని అడిగాకే మార్చండి.

మిగతావాళ్లకు లెక్క తేలికే. మీకు దగ్గర్లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాములు మించొద్దంటుంది. అంటే 11 మందికి కిలో ప్యాకెట్ దాదాపు 18 రోజులు రావాలి. పచ్చళ్లు, అప్పడాల్లో ఉండేది కూడా ఇందులోదే కాబట్టి బీపీ ఉన్నవాళ్లకు ముందు అవి ఆపండి, కూర రుచి మాత్రం చెడగొట్టకండి. 'లో సోడియం' ఉప్పు మాత్రం ఎవర్నీ అడక్కుండా తేవద్దు. అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకు అది మంచిది కాదు.

ఇక బరువు. మానసిక సమస్యలకు ఇచ్చే ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులు ఆకలిని విపరీతంగా పెంచుతాయి. తిన్న గంటకే మళ్లీ ఆకలేస్తోందంటే అది నిజంగానే వేస్తోంది, 'ఎంత తింటావయ్యా' అని ఎవర్నీ అననివ్వకండి. దానికి చప్పిడి తిండి మందు కాదు, చూశారుగా, బజ్జీల బండి దగ్గరికి పోతున్నారు. నన్నడిగితే రోగుల వంట, మామూలు వంట అని రెండు పెట్టుకోకుండా అందరికీ ఒకే వంట చేయండి, పాళ్లు మార్చండి చాలు.

కిచిడీ సంగతే చూడండి. మన హైదరాబాద్‌లో పొద్దున్నే వద్దనేవాళ్లు తక్కువ. గ్లాసు బియ్యానికి అర గ్లాసు పప్పు వేస్తుంటే దాన్ని ముప్పావు చేయండి, ఎర్రపప్పైనా పెసరపప్పైనా సరే. సొరకాయ, క్యారెట్ ముక్కలు, చేతినిండా పాలకూర అందులోనే ఉడికించండి. నూనె మొదట పోయకుండా, దించాక రెండు మూడు చెంచాల నెయ్యిలో జీలకర్ర, దంచిన వెల్లుల్లి, కరివేపాకు చిటపటలాడించి పైన పోయండి. కుక్కర్‌లో ముందే వేసిన నెయ్యి ఎవరికీ తెలియదు, పైన పోసిన పోపు వాసనకు హాల్లో కూర్చున్నవాళ్లు లేచి వస్తారు. పక్కన చింతపండు ఖట్టా ఉండనే ఉంది. షుగర్ ఉన్నవాళ్లకూ ఇదే పెట్టొచ్చు, ఒక గరిటె తగ్గించి కూర ఎక్కువ పెట్టండి, వాళ్ల భోజనం టైమ్ మాత్రం దాటనివ్వొద్దు.

అన్నం గిన్నె టేబుల్ మీద వద్దు, వడ్డించి లోపల పెట్టేయండి. కూర, పప్పు, మజ్జిగ బయట ఉంచండి. నాలుగింటికి బజ్జీల టైమ్ కంటే ముందే ఉడికించిన శనగలు పోపేసి ఉల్లిపాయ, నిమ్మరసంతో పెట్టేస్తే సగం మంది బయటికి పోరు. టీ కూడా చూసుకోండి, రెండేసి చెంచాల పంచదారతో రోజుకు మూడు టీలంటే పాతిక, ముప్పై గ్రాములు అందులోనే పోతోంది. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ రండి.

మోషన్ సమస్యను తేలిగ్గా తీసుకోవద్దు, ముఖ్యంగా క్లోజపిన్ వాడేవాళ్లలో. ఆ మందు పేగుల కదలికనే మందగింపజేస్తుంది, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆకుకూర పప్పు, గోరుచిక్కుడు, జామకాయ, నీళ్లు ఉపయోగపడతాయి కానీ మూడు రోజులు మోషన్ కాకపోయినా, కడుపు ఉబ్బి నొప్పి వచ్చినా వంటింటి చిట్కాలు ఆపి డాక్టర్‌కి చెప్పాలి.

ఆ పెద్దాయన్ని కూడా ఒకసారి చూపించండి. ఈ మందుల్లో కొన్ని మింగడాన్ని కష్టం చేస్తాయి, పైగా ఆకలికి గబగబా తినేస్తారు. ఈలోగా నిటారుగా కూర్చోబెట్టి, అన్నం పప్పుతో మెత్తగా కలిపి చిన్న ముద్దలుగా తినమనండి. గుడ్డు పొడిగా అలాగే ఇవ్వకుండా చిదిమి పప్పన్నంలో కలపండి. రొట్టె పెట్టాలంటే పప్పులో బాగా నాననివ్వండి. తినేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఆదివారం చికెన్ మానేయొద్దు. తోలు తీసిన చికెన్‌తో పులుసు పెట్టండి, వేపుడు వద్దు. పెద్దాయనకు ఎముకలు ఏరి వడ్డించండి. మిగిలితే రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి, అన్నమైనా అంతే. బయట ఉండిపోయిన అన్నాన్ని పొద్దున తాళింపు వేసినా అందులో చేరిన విషం పోదు.