టెక్ సందేహాలు: బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తున్నారా? ముందు ఫోన్ సర్దుకోండి

వేసవి వచ్చిందంటే అమెరికాలోని పిల్లల దగ్గరికి బయల్దేరే తల్లిదండ్రుల ప్రశ్నలు ఎక్కువవుతాయి. ఈసారి చాలామంది అడిగింది ఒకే చోటి గురించి: శాన్‌ఫ్రాన్సిస్కోలో జెయింట్స్ జట్టు ఆడే ఒరాకిల్ పార్క్. బే ఏరియాలో మనవాళ్లు అంతమంది ఉన్నారు మరి. అందుకే ఈ వారం జవాబులన్నీ ఆ స్టేడియం చుట్టూనే.

మా అబ్బాయి సన్నీవేల్‌లో ఉంటాడు. జులైలో బేస్‌బాల్ మ్యాచ్‌కని మా అందరికీ నాలుగు టికెట్లు కొన్నాడు. కాగితం టికెట్ ఉండదట, అంతా ఫోన్‌లోనేనట. నాకు వాట్సాప్ తప్ప పెద్దగా తెలియదు. టికెట్ ఫొటో వాట్సాప్‌లో పంపితే సరిపోదా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

సరిపోదమ్మా. స్క్రీన్‌షాట్‌ని నమ్ముకుని గేటు దాకా వెళ్లొద్దు. టికెట్ ‘ఎంఎల్‌బీ బాల్‌పార్క్’ అనే యాప్‌లో వస్తుంది. ఎంఎల్‌బీ అంటే మేజర్ లీగ్ బేస్‌బాల్, అమెరికాలోని పెద్ద బేస్‌బాల్ లీగ్. గేటు దగ్గర ఆ యాప్‌లోని కోడ్‌నే స్కాన్ చేస్తారు.

మీ ఉత్తరంలో నన్ను కాస్త కంగారు పెట్టింది వాట్సాప్ కాదు, నాలుగు టికెట్లూ మీ అబ్బాయి ఫోన్‌లోనే ఉండటం. కొన్నేళ్ల కిందట వేరే ఊరి స్టేడియంలో మాకు ఇదే జరిగింది. నలుగురి టికెట్లూ నా ఫోన్‌లోనే. కారు పార్క్ చేయడానికి వెళ్లిన ఇద్దరు లోపలికి రాలేరు, వాళ్లు వచ్చేదాకా నేనూ కదల్లేను. ఎండకి స్క్రీన్ మసకగా కనబడుతుంటే బ్రైట్‌నెస్ పెంచాను. ఫోటోలకీ మ్యాప్‌కీ అప్పటికే సగం ఖాళీ అయిన బ్యాటరీ 4 శాతానికి వచ్చి, లైన్‌లో మా వంతు వచ్చేసరికి ఫోన్ ఆరిపోయింది. లోపల జనం కేకలు వినిపిస్తున్నాయి, బయట మా అత్తగారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఛార్జింగ్ దొరికి లోపలికి వెళ్లేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ నలభై నిమిషాలు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి ఎవరి టికెట్ వాళ్ల ఫోన్‌లో ఉండాలి. యాప్‌లో ‘ఫార్వర్డ్’ అని ఉంటుంది. మీ అబ్బాయి దాన్ని నొక్కి, మీ టికెట్‌ని మీ ఈమెయిల్‌కి పంపాలి. అది తీసుకోవాలంటే మీకు ఎంఎల్‌బీ అకౌంట్ ఉండాలి. గుంటూరులో ఉండగానే వాళ్ల వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరుచుకోండి. ఏ ఈమెయిల్‌తో తెరిచారో, పాస్‌వర్డ్ ఏమిటో డైరీలో రాసి పెట్టుకోండి. టికెట్ ఒక ఈమెయిల్‌కి వెళ్లి, యాప్‌లో ఇంకో ఈమెయిల్‌తో లాగిన్ అయితే టికెట్ కనబడదు. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే. టికెట్ వచ్చాక ఇంట్లో వైఫై ఉన్నప్పుడే గూగుల్ వాలెట్‌లో, ఐఫోన్ అయితే ఆపిల్ వాలెట్‌లో సేవ్ చేసుకోండి. గేటు దగ్గర సిగ్నల్ తిప్పలు ఉండవు. పవర్ బ్యాంక్ మీ చేతిసంచిలోనే ఉండనివ్వండి.

ఇంకో సంగతి. జులై కదా అని పల్చటి చీరతో వెళ్లొద్దు. స్టేడియం సముద్రపు పాయని ఆనుకుని ఉంటుంది, సాయంత్రమయ్యేసరికి గాలి వణికిస్తుంది. స్వెట్టర్ తప్పనిసరి. జెయింట్స్ వాళ్లు బయటి తిండి తెచ్చుకోనిస్తారు కాబట్టి పులిహోర పట్టుకెళ్లొచ్చు. స్టీలు డబ్బా బదులు ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకోండి. బ్యాగు సైజు నియమం మాత్రం బయల్దేరే రోజు పొద్దున యాప్‌లో ఒకసారి చూడండి. వేరే ఊరి స్టేడియంలో తిండి, బ్యాగు నియమాలు రెండూ వేరుగా ఉంటాయి.

అక్కడ ఫోన్‌పే, గూగుల్ పే పనిచేస్తాయా? డాలర్ నోట్లు సరిపోతాయా? (ఖమ్మం)

మన యూపీఐ అక్కడ నడవదు. నోట్లూ నడవవు, కౌంటర్లన్నీ కార్డుకే. మన డెబిట్, క్రెడిట్ కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి. విమానం ఎక్కకముందే బ్యాంకు యాప్‌లో దాన్ని ఆన్ చేసి, పరిమితి పెట్టుకోండి. ఓటీపీలు ఇక్కడి నంబరుకే వస్తాయి కాబట్టి ఆ సిమ్ తీసేయకండి. అక్కడి డేటాకి ఈసిమ్ (ఫోన్‌లోకే డౌన్‌లోడ్ అయ్యే సిమ్) వేసుకుని, పాత సిమ్‌ని ఎస్సెమ్మెస్‌ల కోసం రోమింగ్‌లో ఉంచుకోవడం మేలు.

వేర్వేరు సైట్లలో ఒకే సీటుకి వేర్వేరు ధర కనబడుతోంది. ఎక్కడ కొనాలి? (హైదరాబాద్)

జట్టు సొంత సైట్ మొదట చూడండి. అక్కడ అయిపోతే సీట్‌గీక్ చూడండి. కొన్నవాళ్లు తమ టికెట్లు తిరిగి అమ్ముకోవడానికి 2023 నుంచి మేజర్ లీగ్ అధికారిక రీసేల్ వేదిక అదే. ఒకప్పుడు చివర్లో ఫీజులు తగిలించి ధర పెంచేవాళ్లు. 2025 మే నుంచి అమెరికాలో మొత్తం ధర మొదట్లోనే చూపించాలని నిబంధన వచ్చింది. సోషల్ మీడియాలో ఎవరో పీడీఎఫ్ టికెట్ పంపిస్తానంటే మాత్రం డబ్బు కట్టొద్దు.

నాన్నకి క్రికెట్ పిచ్చి. బేస్‌బాల్ అంటే ఆసక్తి లేదు. అక్కడ ఆయనకి చూపించదగ్గ టెక్నాలజీ ఏమైనా ఉందా? (కరీంనగర్)

ఈ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను! డీఆర్ఎస్ తెలిసిన మనిషికి బేస్‌బాల్ ఇప్పుడు చాలా దగ్గర.

ఎల్బీడబ్ల్యూకి వాడే హాక్‌ఐనే 2020 నుంచి మేజర్ లీగ్ స్టేడియాలన్నింటిలోనూ వాడుతున్నారు. స్టేడియం చుట్టూ 12 కెమెరాలు బంతిని, ఆటగాళ్లని వెంటాడుతుంటాయి. 2026 సీజన్ నుంచి రివ్యూ కూడా వచ్చింది. బ్యాటర్ కొట్టకుండా వదిలేసిన బంతి నిర్ణీత హద్దుల్లోంచి వెళ్తే ‘స్ట్రైక్’, బయటికి పోతే ‘బాల్’. అంపైర్ ఏది అన్నా దాన్ని బ్యాటర్, పిచర్ (మన బౌలర్ లాంటివాడు), క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) ఈ ముగ్గురిలో ఎవరైనా సవాలు చేయొచ్చు. టోపీనో హెల్మెట్‌నో తట్టుకుంటే రివ్యూ అడిగినట్టు. డగౌట్ (జట్టు కూర్చునే చోటు) వైపు చూసి సలహా అడగడానికి లేదు, అప్పటికప్పుడు తేల్చుకోవాలి. జట్టుకి రెండు అవకాశాలు. సవాలు నెగ్గితే ఆ అవకాశం పోదు. టోపీ తట్టడం ఎప్పుడు వస్తుందా అని నాన్నగారిని కాచుకుని ఉండమనండి. పెద్ద తెర మీద బంతి గీత కనబడగానే స్టేడియం మొత్తం ఒక్కసారిగా అరుస్తుంది.

ఒక తేడా ఆయనకి నచ్చుతుంది. ఎల్బీడబ్ల్యూలో బంతి ప్యాడ్‌కి తగిలాక ఎటు వెళ్లేదో కంప్యూటర్ అంచనా వేయాలి. ఇక్కడ అంచనా లేదు, బంతి నిజంగా ఎటు వెళ్లిందో కొలవడమే. అందుకే ‘అంపైర్స్ కాల్’ గొడవ లేదు. స్ట్రైక్ కావాలంటే బంతి వెళ్లాల్సిన ఊహా డబ్బా వెడల్పు 17 అంగుళాలు. ఎత్తు మాత్రం ఆటగాడిని బట్టి మారుతుంది: కింది గీత అతని ఎత్తులో 27 శాతం దగ్గర, పై గీత 53.5 శాతం దగ్గర.

ఇంకోటి, క్యాచర్ మోకాలి దగ్గరున్న చిన్న బటన్ల పెట్టె. దాని పేరు పిచ్‌కామ్. ఏ బంతి వేయాలో క్యాచర్ నొక్కితే పిచర్ టోపీలో మాటగా వినిపిస్తుంది. అంతకుముందు వేళ్లతో సైగలు చేసేవాళ్లు. 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు ఆ సైగల్ని కెమెరాతో పట్టేసి, చెత్తడబ్బా మీద కొట్టి సొంత బ్యాటర్లకి చేరవేసింది. విచారణలో అది రుజువైంది. 2022 నుంచి పిచ్‌కామ్ వాడుకలోకి వచ్చింది.

మ్యాచ్ చూస్తూనే ఎంఎల్‌బీ యాప్‌లో ‘గేమ్‌డే’ తెరిస్తే ప్రతి బంతి వేగం కనబడుతుంది. అది మైళ్లలో ఉంటుంది, 95 అంటే మన లెక్కలో 153 కిలోమీటర్లు. అన్నట్టు, ప్రేక్షకులకి ఉచిత వైఫై మొదట ఇచ్చిన ప్రొఫెషనల్ స్టేడియం ఈ ఒరాకిల్ పార్కే, 2004లో. కాబట్టి ఆట చూస్తున్నంతసేపూ డేటా గురించి టెన్షన్ పడొద్దు.

మా తమ్ముడు కొత్తగా డ్రోన్ కొన్నాడు. స్టేడియం బయట నీళ్ల మీదుగా ఎగరేసి వీడియో తీయాలంటున్నాడు. (విశాఖపట్నం)

వద్దని గట్టిగా చెప్పండి. 30 వేలు, అంతకుమించి సీట్లున్న స్టేడియంలో మేజర్ లీగ్ మ్యాచ్ ఉంటే, గంట ముందు నుంచి అయిపోయాక గంట దాకా చుట్టూ 3 నాటికల్ మైళ్లు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్ల మేర డ్రోన్ ఎగరకూడదు. ఇది దేశపు విమానయాన సంస్థ పెట్టిన ఆంక్ష, కేసు కూడా అవుతుంది. వీసా మీద వెళ్లిన కుర్రాడికి ఆ తలనొప్పి ఎందుకు?

ఫోన్‌తోనే మంచి వీడియో వస్తుంది. కుడివైపు గోడ వెనక మెకోవీ కోవ్ అనే పాయలో మ్యాచ్ రోజు చిన్న పడవల్లో జనం గోడ దాటి నీళ్లలో పడే బంతి కోసం కాచుకుని ఉంటారు. ఆ గోడ ఎత్తు 24 అడుగులు, జెయింట్స్ దిగ్గజ ఆటగాడు విల్లీ మేస్ జెర్సీ నంబరు 24 కనుక. పాయ ఒడ్డున నడకదారిలో గోడకి కమ్మీల కిటికీలున్నాయి. టికెట్ లేనివాళ్లు కూడా అక్కడ నిలబడి కాసేపు ఆట చూడొచ్చు. అటు నీళ్లు, ఇటు పచ్చగడ్డి. ఫోన్ కమ్మీకి ఆనించి తీయమనండి, చెయ్యి వణకదు.

కారులో వెళ్లాలా, రైల్లోనా? (తిరుపతి)

రైలు. సన్నీవేల్, మౌంటెన్‌వ్యూ వైపు ఉంటే కాల్‌ట్రెయిన్ చివరి స్టేషన్‌లో దిగితే నడిచే దూరం. ఫ్రీమాంట్ వైపైతే బార్ట్ రైల్లో ఎంబార్కడీరో స్టేషన్ దాకా వచ్చి, ఎన్ లైన్ ట్రామ్ ఎక్కాలి. క్లిప్పర్ అనే ప్రయాణ కార్డు ఫోన్ వాలెట్‌లో పెట్టుకుంటే ఈ రైళ్లకీ ట్రామ్‌కీ పనికొస్తుంది. తిరుగు రైలు సమయం పొద్దునే స్క్రీన్‌షాట్ తీసుకోండి. దీనికి స్క్రీన్‌షాట్ చాలు. ఆట అయ్యాక వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తారు, నెట్ నత్తలా నడుస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడే ఇంట్లోవాళ్లంతా లైవ్ లొకేషన్ పంచుకుని, విడిపోతే కలుసుకోవడానికి విల్లీ మేస్ విగ్రహం దగ్గర అని ఒకచోటు అనుకోండి.

మావారు, పిల్లలు మ్యాచ్‌కి వెళ్తున్నారు. నేను ఇక్కడి నుంచి స్కోరు చూడాలనుకుంటున్నా. ఏ టైముకి? (విజయవాడ)

అక్కడ సాయంత్రం 6.45కి మొదలైతే మనకి మర్నాడు పొద్దున 7.15. వేసవిలో తేడా పన్నెండున్నర గంటలు. గేమ్‌డేలో బంతి బంతికీ స్కోరు ఉచితంగానే వస్తుంది. బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక మ్యాచ్ సగటున రెండు గంటల నలభై నిమిషాల్లో ముగుస్తోంది కాబట్టి పది గంటలకల్లా పిల్లలకి ఫోన్ చేయొచ్చు. ఎత్తకపోతే కంగారు పడకండి, రైల్లో ఉంటారు.