జారుడుబల్ల కోసం నగల తాకట్టా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఆనందపురం దగ్గర సొంత ఇల్లు. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, చేతికి నెలకు 78,000 వస్తుంది. ఇంటి అప్పు వాయిదా 27,500, కారు వాయిదా 9,200, పిల్లల చదువుకు సగటున 8,000, ఇంటి ఖర్చులు 24,000. బ్యాంకులో 46,000 ఉన్నాయి. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. పెరట్లో ఉన్న చిన్న ఈత కొలనుకు ఎనిమిది అడుగుల ఎత్తు జారుడుబల్ల కట్టించాలని ఉంది. రెడీమేడ్‌ది ఐదు లక్షలు చెప్పారు. మాకు తెలిసిన వెల్డరు, ఫైబర్ పడవలు చేసే ఒక మేస్త్రీ కలిసి 2,70,000కు చేస్తామంటున్నారు. 10,000 బయానా ఇచ్చాను. మిగిలిన దానిలో 1,50,000 నగల మీద, 1,10,000 క్రెడిట్ కార్డు మీద 18 వాయిదాల్లో తీసుకుంటాను. వేసవిలో శని, ఆదివారాలు చుట్టుపక్కల పిల్లలను తలకు 100 చొప్పున రానిస్తే 60,000 దాకా వస్తుందని అంచనా. ఇది మంచి ఆలోచనేనా? నగల సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

జవాబు: కాదు. ఆవిడకు చెప్పి ఉంటే ఈ ఉత్తరం నాదాకా వచ్చేదే కాదని నా అనుమానం.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం జారుడుబల్ల కాదు, దాని వెనుక ఉన్న లెక్క. ఐదు లక్షల వస్తువు 2,70,000కే వస్తోంది, అంటే 2,30,000 మిగిలినట్టే అని మీరు సంబరపడుతున్నారు. మేడ మీద గది వేయించేవాళ్లు, వంటగదికి కొత్త అలమరలు చేయించేవాళ్లు కూడా నా దగ్గరికి ఇదే లెక్కతో వస్తారు. ఆ మిగిలిన 2,30,000 ఎక్కడుంది? మీ ఖాతాలో ఉన్నది 46,000. చవకగా వస్తోందని అప్పు చేస్తే మిగిలేది అప్పే.

మీ అంకెలే తీసుకుందాం. ఖర్చులన్నీ పోను నెలకు 9,300 మిగులుతోంది. కార్డు మీద ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే 18 నెలల వాయిదా సుమారు 6,900. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ వేరు, ప్రాసెసింగ్ రుసుము వేరు. అవి పక్కన పెట్టినా చేతిలో మిగిలేది 2,400. నగల అప్పు ఏడాది చివర అసలు, వడ్డీ ఒకేసారి కట్టే రకమై, పది శాతం వడ్డీకే దొరికిందనుకున్నా ఆ రోజుకు 1,65,000 కావాలి. నెలకు 2,400 చొప్పున పన్నెండు నెలలకు 28,800. మీరు ఆశపడుతున్న 60,000 పైసా తగ్గకుండా వచ్చిందనుకుందాం. బ్యాంకులోని 46,000 కూడా ఊడ్చి వేయండి. ఇంకా 30,200 తక్కువ. అప్పుడు ఏం చేస్తారో నాకు తెలుసు, ఎందుకంటే అందరూ అదే చేస్తారు. వడ్డీ మాత్రం కట్టి అప్పును తిరగరాయించుకుంటారు. రెండో ఏడాదీ అంతే. తర్వాత ఒకరోజు వేలం నోటీసు ఇంటికి వస్తుంది, దాన్ని ఆవిడే అందుకుంటారు.

ఆ 60,000 మీద కూడా నాకు నమ్మకం లేదు. పంపు కరెంటు, క్లోరిన్, పిల్లలను కనిపెట్టుకుని ఉండే మనిషికి కూలి మీరు లెక్కలో వేయలేదు. పైగా డబ్బు తీసుకుని రానిచ్చిన రోజు నుంచి అది మీ పెరడు కాదు, వ్యాపారం. పక్కింటి పిల్లాడి చెయ్యి విరిగితే మీ గృహ బీమా మామూలు పాలసీ ఆదుకుంటుందని అనుకోకండి. అమెరికాలో ఇళ్లలోని ఈత కొలనుల జారుడుబల్లలకు 1976లోనే భద్రతా ప్రమాణాలు పెట్టారు. తల ముందుకు పెట్టి జారి, కొలను అడుగును గుద్దుకుని, మెడ విరిగి పక్షవాతం పాలైనవాళ్లు ఉండబట్టే పెట్టారు. మీ కొలను లోతెంతో మీరు రాయలేదు. పడవ మేస్త్రీ దాన్ని అడిగాడా?

ఇంట్లో కట్టించుకున్న జారుడుబల్లను నేను దగ్గరగా చూశాను. భీమిలి వైపు ఒక మిత్రుడి తోటలో ఉండేది. మొదటి వేసవి అంతా పండగే. రెండో ఏడాదికి రెండు ఫైబర్ ముక్కలు కలిసే అతుకు దగ్గర పై పూత లేచి, లోపలి గాజు నార గరుకుగా బయటికి వచ్చింది. జారిన పిల్లల తొడల మీద ఎర్రటి గీతలు, రాత్రంతా దురద. ఉప్పుగాలికి బోల్టుల చుట్టూ తుప్పు చారలు దిగాయి. వెల్డరు వేసింది మామూలు రంగు, జింకు పూత కాదు. మిత్రుడు మరమ్మతుకు ఎంత పెట్టాడో అడిగితే ఇప్పటికీ మాట మారుస్తాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఇల్లు నెల నడవడానికి వాయిదాలతో కలిపి 68,700 కావాలి. అంటే రోజుకు 2,290. మీ 46,000తో ఆ ఇల్లు ఇరవై రోజులు నడుస్తుంది. ఇరవై రోజులే. ఫార్మా కంపెనీలో ఒక యూనిట్ నెల రోజులు ఆగితే ఏమవుతుందో, ఎవరి జీతం ముందు ఆగుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. ఆరు నెలల ఖర్చు, అంటే 4,12,200, మీరు ముట్టుకోని చోట ఉండాలి. మూడు నెలలది, 2,06,100 పోగయ్యే దాకా జారుడుబల్ల మాటే ఎత్తకండి. నగలు ఉన్నాయి కదా అంటారు. నిజమే, కష్టకాలంలో చివరికి అక్కరకొచ్చేవి అవే. వాటిని సరదాకు తాకట్టు పెట్టేస్తే ఆ కష్టం వచ్చిన రోజు మీ దగ్గర ఏముంటుంది?

విశాఖలో ఉంటూ ఈ మాట ఇంకొకరితో చెప్పించుకోవాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను ఎంవీపీ కాలనీలో ఉన్నాను. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. పాల ప్యాకెట్ కోసం వరుసలో నిలబడ్డాం, అమ్మేవాడు అడిగినంత ఇచ్చాం. బ్యాంకులో నాకు లక్షలున్నాయి, జేబులో మూడు వందలు. ఆ వారం మా ఇల్లు గడిచింది మా ఆవిడ బియ్యం డబ్బాలో దాచిన నోట్లతో. సలహాలు చెప్పి బతికేవాణ్ణి, సిగ్గేసింది. అప్పటి నుంచి అత్యవసర నిధిలో ఇరవై వేలు నగదుగా ఇంట్లోనే పెట్టమని అందరికీ చెబుతున్నాను. మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్టో లిక్విడ్ ఫండో (త్వరగా డబ్బు వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్), మీ ఇష్టం, తేడా పెద్దగా లేదు.

ఆరోగ్య బీమా గురించి మీరు ఏమీ రాయలేదు. కంపెనీ ఇచ్చేది తప్ప వేరేది లేదని అర్థం చేసుకుంటున్నాను. ఉద్యోగం మానిన రోజు అదీ పోతుంది. కుటుంబం మొత్తానికి సొంతంగా ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్‌టీ కూడా లేదు. జారుడుబల్ల కోసం చీటీ పాడదామా, బ్యాంకులో వ్యక్తిగత రుణం తీసుకుందామా అని మళ్లీ రాయకండి. జవాబు ఇదే.

ఇప్పుడున్న 46,000కు నెలకు 9,300 చొప్పున కలుపుతూ పోతే 2,06,100 కావడానికి ఏడాదిన్నర పడుతుంది. బోనస్ కూడా అందులోనే వేస్తే ఇంకా త్వరగా. ఆ తర్వాత కూడా జారుడుబల్లకు వేరే డబ్బా పెట్టి దాచండి. అది నిండేసరికి మీ పెద్దవాడికి దాని మీద మోజు ఉంటుందో ఉండదో కూడా చూడవచ్చు. ఈ వేసవికైతే మందపాటి టార్పాలిన్ కొనండి. గడ్డి మీద రాళ్లు ఏరి, కాస్త ఏటవాలుగా ఉన్నచోట పరిచి, పైనుంచి పైపు నీళ్లు వదిలి, సబ్బు నురుగు చల్లండి. రెండు మూడు వేలతో అయిపోతుంది. మా మేనల్లుళ్లు దాని మీద రోజంతా జారి, అన్నానికి పిలిచినా రాలేదు. కొలనులోకి మాత్రం జారేలా పరచకండి.

బయానా సంగతి. వెల్డరు తిరిగి ఇస్తే మంచిదే, ఇవ్వడనే అనుకుంటున్నాను. పదివేలు పోతాయని 2,60,000 అప్పు చేయనక్కరలేదు. ఉత్తరంతో పాటు మీరు పంపిన ఫోటోలో కొలను చుట్టూ కంచె లేదు. ఐదేళ్ల పిల్ల ఉన్న ఇల్లు అది. ఆ బయానా డబ్బుకు సరిపడా వెల్డరునే నాలుగడుగుల ఎత్తు ఇనుప కంచె, లోపలి నుంచి గొళ్లెం పడే గేటు వేయమనండి. జింకు పూత వేయమని మరీ మరీ చెప్పండి. తక్కువ పడితే వచ్చే నెల 9,300లోంచి ఇవ్వండి. ఈ ఒక్క ఖర్చుకు మాత్రం నిధి కోసం ఆగవద్దు.