సరుకు కొనకుండా కూపన్ వాడితే మోసమవుతుందా?

ప్రశ్న: ఒక కంపెనీ తన సబ్బుపొడి పెద్ద ప్యాకెట్ మీద డిస్కౌంట్ కూపన్ ఇచ్చింది. నేను చిన్న ప్యాకెట్ కొని, సెల్ఫ్ బిల్లింగ్ మెషిన్ దగ్గర ఆ కూపన్ స్కాన్ చేస్తే తీసుకుంది. తర్వాత అలాంటివే ఆ కంపెనీ వేరే సరుకులకీ వాడాను. ఒకసారి ఆ కంపెనీది ఏమీ కొనలేదు, మెషిన్ ఒప్పుకోలేదు. కౌంటర్‌లో అమ్మాయి "పర్లేదులెండి" అని తనే కొట్టి తగ్గించింది. కంపెనీ ఎలాగూ ఇవ్వడానికి పక్కన పెట్టుకున్న డబ్బే కదా అని మా బావగారు అంటారు. ఇది నేరమా? మెషినూ, క్యాషియరూ ఒప్పుకున్నాక తప్పు నాదెలా అవుతుంది? కూపన్‌తో కొన్న సరుకు వాపసు ఇస్తే ఏమవుతుంది? ఇప్పటిదాకా వాడినవాటికి ఏం చెయ్యాలి?

జవాబు: మీరు రాసినవన్నీ ఒకే గాటన కట్టకూడదు. షరతు చూసుకోకుండా మొదటిసారి స్కాన్ చేసింది పొరపాటు, నేరం కాదు. పనిచేస్తోందని తెలిశాక, ఆ సరుకు కొనలేదని తెలిసే వాడినవి మాత్రం మోసం నిర్వచనంలోకి వస్తాయి. మొత్తం చిన్నది కాబట్టి పోలీసు కేసు దాకా రాకపోవచ్చు. అంతమాత్రాన అది సరైన పని అయిపోదు. క్యాషియర్ ఒప్పుకోవడం కూడా మీరనుకున్నంత రక్షణ ఇవ్వదు. ఎందుకో తెలియాలంటే, తగ్గిన ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోతోందో ముందు చూడాలి.

కూపన్లు రెండు రకాలు. దుకాణం సొంతంగా ఇచ్చే కూపన్ మీద ఆ దుకాణం పేరే ఉంటుంది, తగ్గింపు దాని లాభంలోంచే పోతుంది. తయారీ కంపెనీ ఇచ్చే కూపన్‌లో దుకాణదారుకి ఒక సూచన సన్నటి అక్షరాల్లో కనిపిస్తుంది: దీన్ని ఫలానా చిరునామాకి పంపితే ముఖవిలువా, దానితో పాటు నిర్వహణ ఖర్చూ చెల్లిస్తాం అని. అమెరికాలో అచ్చయ్యే కూపన్ల మీద ఆ ఖర్చు సాధారణంగా 8 సెంట్లు. "నగదు విలువ సెంటులో నూరో వంతు" అన్న మాట కూడా అక్కడే ఉంటుంది. సరుకు కొనని మనిషి చేతిలో ఆ కాగితానికి కంపెనీ కట్టిన విలువ అంతే. దుకాణం ఈ కూపన్లను మూటలుగా లెక్కింపు ఏజెన్సీకి పంపుతుంది, ఏజెన్సీ తయారీ కంపెనీ దగ్గర వసూలు చేసి దుకాణానికి జమ చేస్తుంది. కాబట్టి మీకు తగ్గించిన డబ్బు దుకాణానిది కాదు. ఆ బిల్లింగ్ కౌంటర్ దగ్గర లేని మూడో మనిషిది.

చట్టం దృష్టిలో కూపన్ నోటు కాదు, షరతుతో కూడిన వాగ్దానం. "నువ్వు ఈ సరుకు కొంటే, ధరలో ఇంత నేను భరిస్తాను" అని కంపెనీ అంటోంది. ఆ షరతు నెరవేర్చడమే వాగ్దానాన్ని అంగీకరించడం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 8 చెప్పేది ఇదే. ఇంగ్లండ్ చట్టంలోనూ సూత్రం అదే. షరతు నెరవేరకపోతే ఒప్పందమే పుట్టదు, కాబట్టి తగ్గింపు అడిగే హక్కూ పుట్టదు. 1959లో ఇంగ్లండ్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన చాపెల్ వర్సెస్ నెస్లే కేసు ఇక్కడ బాగా పనికొస్తుంది. మూడు చాక్లెట్ రేపర్లూ కొంత డబ్బూ పంపినవాళ్లకి నెస్లే కంపెనీ గ్రామఫోన్ రికార్డు ఇచ్చింది. వచ్చిన రేపర్లను పారేసేది. అయినా ఆ రేపర్లు కూడా రికార్డుకి చెల్లించిన ప్రతిఫలంలో భాగమేనని కోర్టు అంది. ఆ పథకం పెట్టిందే చాక్లెట్లు అమ్ముడుపోవడం కోసం. కూపన్ సంగతీ అంతే. కంపెనీకి కావలసింది కాగితం తిరిగి రావడం కాదు, సరుకు అమ్ముడవడం.

ఇక నేరం సంగతి. సెక్షన్ల నంబర్లు దేశాన్ని బట్టి మారతాయి గానీ, లోపలి సరంజామా దాదాపు ఒకటే: అబద్ధపు సూచన, అది అబద్ధమని తెలిసి ఉండడం, దాని వల్ల మీకు లాభమో ఎదుటివాళ్లకి నష్టమో కలగాలన్న ఉద్దేశం. నోటితో అబద్ధం చెప్పనవసరం లేదు. ఫలానా సరుకు కొన్నవాళ్లకే అని రాసి ఉన్న కూపన్ ఇవ్వడమంటేనే "నేను కొన్నాను" అని చెప్పడం. భారతదేశంలో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 వంచన గురించి చెబుతుంది (2024 జూలై 1కి ముందు జరిగినవాటికి పాత ఐపీసీ 415, 420). అందులో మామూలు వంచనకి మూడేళ్ల దాకా, మోసంతో ఆస్తి రాబట్టుకున్న రకానికి ఏడేళ్ల దాకా జైలు ఉంది. ఇంగ్లండ్‌లో 2006 ఫ్రాడ్ యాక్ట్ కింద గరిష్ఠ శిక్ష పదేళ్లు. అమెరికాలో ఎక్కువగా రాష్ట్రాల దొంగతనం, మోసం చట్టాలు వర్తిస్తాయి. తపాలా, ఎలక్ట్రానిక్ మార్గాల్లో పెద్దయెత్తున జరిగిన మోసమైతే ఫెడరల్ చట్టం కింద ఇరవై ఏళ్ల దాకా పడవచ్చు. ఇవన్నీ గరిష్ఠాలు. ఒకటి రెండు కూపన్లకి ఇలాంటి కేసు నడవడం అరుదు. నేను భయపడమని చెప్పేది శిక్షకి కాదు, అలవాటుకి. దుకాణం సభ్యత్వ కార్డు స్కాన్ చేసినప్పుడల్లా ఏ తేదీన, ఏ కూపన్‌కి, ఏ సరుకు కొన్నారో మీ పేరు మీదే నమోదవుతుంది. ఒక్కసారి జరిగితే పొరపాటనవచ్చు. అదే పని వరసగా కనిపిస్తే ఉద్దేశానికి అదే సాక్ష్యం.

మెషిన్ ఒప్పుకుంది కదా అన్నారు. ఎందుకు ఒప్పుకుందో చూడండి. పాత పద్ధతిలో కూపన్ బార్‌కోడ్ 5 అంకెతో మొదలయ్యేది. అందులో కంపెనీ నంబరూ, ఏ రకం సరుకో చెప్పే మూడు అంకెల ఫ్యామిలీ కోడూ, తగ్గింపు విలువకి రెండంకెల కోడూ ఇమిడి ఉండేవి. ఆ ఫ్యామిలీ కోడ్ చివర సున్నాలుంటే మెషిన్ ఒక్క సరుకుతో కాక సరుకుల గుంపు మొత్తంతో జత కలిపేది. పెద్ద ప్యాకెట్ కూపన్ చిన్న ప్యాకెట్‌కి పనిచేయడానికి కారణం తరచు ఇదే. 2011 ప్రాంతంలో ఉత్తర అమెరికా కూపన్లు జీఎస్1 డేటాబార్ అనే పొడవాటి కోడ్‌కి మారాయి. ఎన్ని కొనాలి, గడువు ఎప్పటిదాకా లాంటివి కూడా అందులో పడతాయి. అయినా దుకాణం సాఫ్ట్‌వేర్ ఆ వివరాలన్నీ సరిచూడకపోతే సందు ఉండనే ఉంటుంది. మెషిన్ చూసేది అంకెలు కలిశాయా లేదా అన్నంత మేరకే. కూపన్ మీద మాటల్లో రాసిన షరతే ఒప్పందం, బార్‌కోడ్ ఆ షరతుకి దగ్గరగా ఉండే నకలు. ఇంగ్లండ్ చట్టం ఈ వాదనకి ముందే తలుపు మూసింది: మనిషి ప్రమేయం లేకుండా యంత్రానికి ఇచ్చిన అబద్ధపు సూచన కూడా అబద్ధపు సూచనేనని ఫ్రాడ్ యాక్ట్ సెక్షన్ 2లోనే రాసి ఉంది.

క్యాషియర్ ఒప్పుకోలు దగ్గర కొంచెం ఆగాలి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. దుకాణం సొంత కూపన్ అయితే, విషయం తెలిసి, తగ్గించే అధికారం ఉన్న మేనేజర్ ఒప్పుకుంటే చిక్కు లేదు. తన డబ్బు తను వదులుకున్నాడు. పక్క దుకాణం కూపన్లను పోటీ కోసం తీసుకునే చోటా అంతే, భారం వాళ్లదే. తయారీ కంపెనీ కూపన్ అయితే మాత్రం కంపెనీ డబ్బు వదిలేసే అధికారం మేనేజర్‌కీ లేదు, క్యాషియర్‌కీ లేదు. తెలిసే తీసుకుని వసూలుకి పంపితే దుకాణం కూడా అబద్ధపు క్లెయిమ్ చేసినట్టే.

ఆ అమ్మాయి చేసినదేమిటో దగ్గరగా చూడండి. మెషిన్ బీప్ కొట్టింది, ఆమె తగ్గింపు మొత్తాన్ని తనే టైపు చేసింది. ఆ లావాదేవీ ఆమె లాగిన్ కింద, "మాన్యువల్" అనే గుర్తుతో, సెకన్లతో సహా నమోదైంది. తర్వాత ఏజెన్సీకి అనుమానం వస్తే దుకాణాన్ని కొనుగోలు బిల్లులు చూపించమంటుంది. అంత సరుకు దుకాణమే కొనలేదని తేలితే ఆ మూటకి డబ్బు ఆపేస్తారు. నలగకుండా, ఒకే కొలతలో కత్తిరించినట్టున్న కూపన్లు వరసగా వచ్చినా అనుమానమే. నష్టం దుకాణం మీద పడ్డ రోజు దుకాణం మొదట తీసే చిట్టా ఆ మాన్యువల్ నమోదులదే. మీకు తగ్గిన చిల్లర కోసం ఆమె ఉద్యోగం పోవచ్చు. ఆ జాబితాలో మీ పేరు ఉండకపోవచ్చు, ఆమె పేరు తప్పకుండా ఉంటుంది. క్యాషియర్ తనంతట తను అన్నా, మీరే వద్దనండి.

మీ బావగారి వాదన చాలామంది నోట వింటాం. కంపెనీలు కొంత శాతం కూపన్లు తిరిగొస్తాయని అంచనా వేసుకుని డబ్బు పక్కన పెట్టే మాట నిజమే. ఆ డబ్బు సరుకు అమ్ముడైనందుకు పెట్టినది, పంచిపెట్టడానికి పెట్టినది కాదు. అమ్మకం లేకుండా కూపన్లు తిరిగొస్తుంటే కంపెనీ ముందు చేసేది షరతులు బిగించడం: ఒకరికి ఒకటే, రెండు కలపకూడదు, ఇంట్లో ప్రింటు తీసినవి చెల్లవు. ఇంటి ఖర్చు లెక్క చూసుకుంటూ, కూపన్‌కి తగ్గ సరుకే కొనే మనిషికి ఆ రోజు నుంచి తగ్గింపు అందదు. నన్నడిగితే ఈ వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అలాగని అన్నిటికీ జంకనవసరం లేదు. కూపన్ మీద బొమ్మ ఖరీదైన రకానిది ఉండి, మాటల్లో "ఏ రకమైనా" అని ఉంటే అందులో చవకదే కొనండి. షరతు మాటల్లో ఉంటుంది, బొమ్మలో కాదు. పరిమాణం రాయకపోతే ఏ పరిమాణమైనా చెల్లుతుంది. శాంపిల్ ప్యాకెట్లు మినహాయించారేమో మాత్రం చూసుకోండి. షరతు రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంటే, రాసినవాడికి వ్యతిరేకంగా అర్థం చెప్పడం కోర్టుల ఆనవాయితీ. ధర కంటే కూపన్ విలువ ఎక్కువైతే మిగిలింది వేరే సరుకుకి సర్దడమా, రద్దు చేయడమా అన్నది దుకాణం రూలు. రాసి పెట్టి ఉంటుంది, అడిగి చూడండి.

వాపసు సంగతి. సరుకు నిజంగా నచ్చకో, పాడైపోయో వెనక్కిస్తే మీరు జేబులోంచి ఇచ్చిన మొత్తమే వెనక్కి రావాలి, కూపన్ విలువ కాదు. బిల్లు చూపిస్తే మెషిన్ సాధారణంగా ఆ లెక్కే చేస్తుంది. బిల్లు లేకుండా తిరిగిస్తే పూర్తి ధర చేతిలో పెట్టే అవకాశం ఉంది. అప్పుడు కూపన్ వాడానని మీరే చెప్పాలి. పూర్తి ధర రాబట్టుకోవాలన్న ఆలోచనతోనే కొని తిరిగివ్వడం, కొనకుండా కూపన్ వాడడం కంటే గట్టిగా దొరికే మోసం. ముందే వేసుకున్న పథకం తేదీల్లోనే కనిపిస్తుంది.

ఇప్పటిదాకా జరిగినదానికి: బిల్లులు, సభ్యత్వ ఖాతా చరిత్ర తీసి, షరతుకి సరిపోని కూపన్లు ఏవో ఒక కాగితం మీద తేదీ, మొత్తం రాసుకోండి. దుకాణం కస్టమర్ సర్వీసు కౌంటర్‌కి వెళ్లి "ఈ కూపన్లు తప్పుగా వాడాను, తేడా కడతాను" అని చెప్పి కట్టి రసీదు తీసుకోండి. మాన్యువల్‌గా కొట్టినదాని గురించి చెప్పేటప్పుడు తప్పు మీ మీద వేసుకునే చెప్పండి. దుకాణం ఇప్పటికే మిమ్మల్ని నిలదీసినా, ఖాతా ఆపినా, మొత్తం చెప్పుకోదగ్గదిగా ఉన్నా, రాతపూర్వకంగా ఏదైనా ఇచ్చేముందు మీ ఊళ్లోని న్యాయవాదిని కలవండి. బిల్లులు చించడం, ఖాతా తీసేయడం లాంటివి చేయకండి. అవి పొరపాటును దురుద్దేశంగా మార్చేస్తాయి.

ఏ కోడ్ దేనికి పనిచేస్తుందో చెప్పే జాబితాలు బంధుమిత్రుల గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటిని ఇంకొకరికి పంపితే మీరు నేరానికి ప్రేరేపించినవారు కావచ్చు. డబ్బిచ్చి కూపన్లు కొనడం అంతకంటే ప్రమాదం, నకిలీవి తిరిగేది అక్కడే. వర్జీనియాలో నకిలీ కూపన్లు తయారుచేసి అమ్మిన ఒకామెకి 2021లో అమెరికా కోర్టు 12 ఏళ్ల జైలు వేసింది. ఆ వ్యవహారంలో నష్టం మూడు కోట్ల డాలర్లు దాటింది. మీది ఆ కోవ కాదు. కానీ "ఏమీ కొనకుండానే ఉచితం" అన్న కూపన్ ఎవరైనా చేతిలో పెడితే, స్కాన్ చేసేముందు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో అది ఉందో లేదో చూడండి. లేకపోతే వాడకండి.