టెక్ సందేహాలు: గూడబాతులకు ఏ కెమెరా, నాన్నగారి లెన్సులకు ఏది?

ప్ర: మాది ఏలూరు. సెలవు దొరికితే కొల్లేరు దగ్గరి ఆటపాక వెళ్లి గూడబాతుల (పెలికన్ల) ఫొటోలు తీస్తుంటాను. నా దగ్గరున్నది నికాన్ డీ3300. మిత్రుడొకరు తన డీ7500 అమ్ముతానంటున్నాడు. కెమెరా దుకాణంలో మాత్రం పాతదైనా డీ7200 మేలు, మెగాపిక్సెళ్లు ఎక్కువ, కార్డులు రెండు పెట్టుకోవచ్చు అంటున్నారు. మా నాన్నగారి ఫిల్మ్ కెమెరా నాటి నికాన్ లెన్సులు రెండున్నాయి. అవీ పనికొస్తే బాగుండు. ఏది తీసుకోమంటారు?

జ: పక్షుల కోసమైతే డీ7500. నాన్నగారి లెన్సుల కోసమైతే డీ7200. ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

దుకాణంవాళ్లు అబద్ధం చెప్పలేదు. 2015లో వచ్చిన డీ7200లో 24.2 మెగాపిక్సెళ్లు, 2017 నాటి డీ7500లో 20.9. కొత్త మోడల్లో తగ్గడమేమిటని అప్పట్లో చాలామంది ముక్కు విరిచారు. కానీ ఫొటో వెడల్పున చూస్తే తేడా 6000 చుక్కలకూ 5568కీ మధ్యే. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేసినా 18 అంగుళాలు దాటుతుంది. అసలు మీ డీ3300లోనూ 24 మెగాపిక్సెళ్లున్నాయి. ఎగిరే పక్షి దొరికిందా మరి?

గూడబాతు నీళ్ల మీద నుంచి లేచేటప్పుడు చూసే ఉంటారు. కాళ్లతో నీటిని తన్నుకుంటూ కాసేపు పరుగెత్తాక గానీ బరువైన ఆ ఒళ్లు గాల్లోకి లేవదు. డీ7200 సెకనుకు 6 ఫొటోలు తీస్తుంది. 14 బిట్ రా ఫైళ్లయితే (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైళ్లు) సెకనుకు 5 మాత్రమే, అవీ 18 తీసేసరికి లోపలి మెమరీ నిండిపోయి వేగం పడిపోతుంది. అంటే మూడున్నర సెకన్లే. పక్షి ఇంకా పరుగెత్తుతూనే ఉంటుంది, కెమెరా ఆయాసపడుతుంది. డీ7500 సెకనుకు 8 చొప్పున 50 దాకా తీస్తుంది, ఆరు సెకన్లకు పైమాటే. నేను దీనివైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే. ఫోకస్ పాయింట్లు రెండింట్లోనూ 51, మీకిప్పుడున్నవి 11. డీ7500 తెర పైకీ కిందికీ వంగుతుంది కాబట్టి గట్టు మీద బోర్లా పడుకోకుండానే నీటిమట్టంలో తీయొచ్చు.

ఇక లెన్సుల సంగతి. అవి మౌంటు (కెమెరాకు బిగించే చోటు) దగ్గర రాగి రంగు కాంటాక్టులు లేని పాత మాన్యువల్ లెన్సులైతే, లెన్సు ఎంత తెరుచుకోవాలో పెట్టే అపెర్చర్ రింగు ఎక్కడుందో కెమెరాకు చెప్పేది మౌంటు అంచున ఉండే చిన్న మీట ఒక్కటే. డీ7200లో అది ఉంది, డీ7500లో నికాన్ తీసేసింది. లెన్సు బిగుస్తుంది, ఫొటో వస్తుంది, కానీ మీటరింగ్ (వెలుతురు కొలత) ఉండదు. అన్నీ మనమే పెట్టుకునే ఎం మోడ్‌లో పెట్టి, ఒకటి తీసి, వెలుగునీడల గ్రాఫు (హిస్టోగ్రామ్) చూసి, సరిచేసుకుంటూ పోవాలి. మీ డీ3300లోనూ ఇదే వరస. రింగు ఉండీ కాంటాక్టులు కూడా ఉన్న ఏఎఫ్-డి రకమైతే బెంగ లేదు. డీ7500 బాడీలో మోటరుంది, ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది. ఒక జాగ్రత్త: 1977కు ముందు నాటి, ఏఐగా (ఈ మీటకు సరిపడే రకంగా) మార్చని లెన్సును డీ7200కు బలవంతంగా బిగిస్తే ఆ మీట విరిగే ప్రమాదముంది.

డీ7500లో రెండో కార్డు లేకపోవడం పెళ్లిళ్లు తీసేవారికి నిజంగానే లోటు. కార్డు పాడైతే తాళి కట్టే ఘట్టం మళ్లీ రాదు. గూడబాతు రేపు కూడా ఉంటుంది.

4కే వీడియో ఉందని మురిసిపోకండి. అందులో దృశ్యం మరో ఒకటిన్నర రెట్లు బిగుసుకుంటుంది. పక్షులకు అది కలిసొచ్చినా ఇంట్లో పుట్టినరోజు తీయాలంటే గోడకు ఆనుకుని నిలబడాల్సిందే. వీడియోలో ఫోకస్ కూడా నత్తనడక. వీడియోయే ముఖ్యమైతే కెనాన్ 90డి చూడండి, అందులో 4కేకి ఈ బిగింపు లేదు.

కొనేముందు షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూడండి. మీ మిత్రుణ్ని ఆ కెమెరాతో ఇవాళ తీసిన ఫొటో ఒకటి అడిగి, ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఆ అంకె కనిపిస్తుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపిస్తే ఆ వివరాలు పోతాయి, కార్డులోంచి నేరుగా తీసుకోండి. నాన్నగారి లెన్సుల్లోకి కూడా టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే. మన కోస్తా తేమకు ఇది మామూలే. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచాలి.

డబ్బు ఇంకా మిగిలితే లెన్సు మీద పెట్టండి. నికాన్ 200-500 ఎంఎం ఎఫ్/5.6 జూమ్ పక్షులకు బాగుంటుంది గానీ రెండు కిలోలకు పైనే బరువు, పొద్దంతా చేత్తో పట్టుకోవడం కష్టం.

ప్ర: అందరూ మిర్రర్‌లెస్‌కు (లోపల అద్దం లేని కెమెరాలకు) మారుతుంటే ఇప్పుడు డీ7500 లాంటి అద్దమున్న డీఎస్‌ఎల్‌ఆర్ కొనడం తెలివితక్కువ కాదా?

జ: కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడళ్ల కోసం ఎదురుచూడటం తెలివితక్కువ. నికాన్ నుంచి చివరగా వచ్చినవి 2020 ఆరంభంలో ప్రకటించిన డీ780, డీ6. కానీ నికాన్ ఎఫ్ మౌంటు 1959 నుంచీ ఉంది, వాడిన లెన్సులు కుప్పలుగా దొరుకుతాయి. మీ దగ్గర ఏఎఫ్-డి లెన్సులుంటే ఆలోచించి మారండి. పాత లెన్సులను నికాన్ మిర్రర్‌లెస్‌కు బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టరులో మోటరు లేదు, వాటి ఆటోఫోకస్ పోతుంది.

ప్ర: ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ 5లో డీ7500 రా ఫైళ్లు తెరుచుకోవడం లేదు. కార్డు పాడైందా?

జ: కార్డు బాగానే ఉంది. ఆ లైట్‌రూమ్ ఈ కెమెరా కంటే పాతది, దానికి ఈ ఫైళ్లు తెలియవు. అడోబ్ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితమే, దాంతో డీఎన్‌జీ (అడోబ్ వారి రా ఫైలు రకం)గా మార్చి తెరవండి. లేదంటే నికాన్ ఉచితంగా ఇచ్చే ఎన్‌ఎక్స్ స్టూడియో వాడండి. డీఎన్‌జీగా మార్చాక మాత్రం అసలు ఫైళ్లను చెరిపేయకండి.