ఈసీయూ ఒక లెక్క, మీటరు మరో లెక్క చూపుతున్నప్పుడు ఏ ఆక్సిజన్ సెన్సర్‌ను నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కారుతోపాటు వచ్చిన వైడ్‌బ్యాండ్ (విస్తృత పరిధిలో కొలిచే) ఆక్సిజన్ సెన్సర్, ఈసీయూను అంటే ఇంజను కంప్యూటరును చదివే స్కానర్‌లో లాంబ్డా 1.00 చూపుతోంది, అంటే ఇంధనానికి సరిగ్గా సరిపడా గాలి ఉందని. మీరు అదనంగా బిగించుకున్న వైడ్‌బ్యాండ్ మీటరు మాత్రం గాలి-ఇంధన నిష్పత్తిని ఇంజను స్లోలో ఉన్నప్పుడు 15.6 దాకా, రోడ్డు మీద 14.9 దగ్గర చూపుతోంది. అదే మీటరు విలువను ల్యాప్‌టాప్‌లో రికార్డు చేస్తే మరో 0.3 ఎక్కువగా పడుతోంది. కొత్త సెన్సర్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనవద్దు. ఒంగోలులో నా పాత టర్బో పెట్రోలు కారుకు దాదాపు ఇదే జబ్బు వచ్చినప్పుడు నేను తొందరపడి మొదట సెన్సరే మార్చాను. వేల రూపాయలు పోయాయి, తేడా మాత్రం ఉన్నచోటే ఉంది.

ముందుగా రెండు పరికరాలనూ లాంబ్డా చూపేలా అమర్చుకోండి. సెన్సర్ నిజానికి కొలిచేది లాంబ్డానే, 14.7 వంటి గాలి-ఇంధన నిష్పత్తి ఆ తరువాత మీటరు తనంతట తాను చేసుకునే గుణకారం మాత్రమే. శుద్ధమైన పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాలుకు 9 వంతులు చాలు. కనుక ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలుకు సరైన నిష్పత్తి సుమారు 13.5 అవుతుంది. అయినా మార్కెట్లో దొరికే మీటర్లలో చాలావరకు లాంబ్డా 1.00 వచ్చినప్పుడు ఏ ఇంధనమైనా సరే 14.7 అనే చూపుతాయి. నా ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో 13.5 పెట్టి ఉంచగా, అది చూసి బండి రిచ్‌గా, అంటే ఇంధనం ఎక్కువై నడుస్తోందనుకొని ఒక ఆదివారమంతా ఇంధనం తగ్గించుకుంటూ కూర్చున్నాను. ఇంజను దెబ్బతినకపోవడం నా అదృష్టం. లాంబ్డాలోకి మార్చి చూస్తే ఈ రకం తేడాలు అక్కడికక్కడే మాయమవుతాయి. మిగిలిన తేడాయే అసలు సమస్య.

ఇక, స్కానర్‌లో 1.00 కనిపిస్తోంది కనుక కంపెనీ సెన్సర్ మంచిదేనన్న మీ నిర్ణయానికి ఆధారం చాలదు. ఇంజను వేడెక్కి క్లోజ్డ్ లూప్‌లో నడుస్తున్నప్పుడు, ఆ సెన్సర్ 1.00 చూపేవరకు ఇంధనాన్ని పెంచడమో తగ్గించడమో ఈసీయూ పని. సెన్సరే తప్పు చెబుతున్నా, దానికి తగ్గట్టు ఇంధనాన్ని మార్చి అంకెను 1.00 దగ్గరకే తెస్తుంది. కనుక ఆ అంకెను వదిలి, అదే స్కానర్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లను, అంటే ఈసీయూ ఇంధనానికి చేస్తున్న సవరణ శాతాలను చూడండి. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ ఐదు శాతం లోపు ఉంటే, ఇంజెక్టర్లు, గాలి కొలిచే సెన్సర్, కంపెనీ ఆక్సిజన్ సెన్సర్ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయని అర్థం. అప్పుడు అనుమానం మీటరు వైపు తిరగాలి. ట్రిమ్ 12, 15 శాతం దాకా ఎక్కి ఉంటే కథ వేరు. నా కారులో అది 2 శాతం మాత్రమే ఉంది, అయినా మీటరు లీన్, అంటే గాలి ఎక్కువ అంటూనే ఉంది.

కారణం దొరికింది కావలి దగ్గర టోల్‌గేటు వద్ద. నెల్లూరు నుంచి తిరిగివస్తూ క్యూలో నిలబడినప్పుడు మీటరు 15.5కు ఎగబాకింది, గేటు దాటి వేగం అందుకోగానే 14.9కు దిగింది. అంతకుముందు చాలాసార్లు చూసిన అంకెలే అయినా, ఆ రెండింటినీ వెంటవెంటనే చూసేసరికి ఆలోచన తట్టింది. సెన్సర్ పాడైతే అన్ని వేగాల్లోనూ ఎంతోకొంత తప్పు చూపాలి; స్లోలో మాత్రమే తేడా పెరుగుతోందంటే ఎక్కడో బయటిగాలి లోపలికి వస్తున్నట్టే. ఎగ్జాస్ట్ వాయువు నిరంతర ధారగా రాదు, సిలిండరు తరువాత సిలిండరుగా ఊపులుగా వస్తుంది. ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు రెండు ఊపుల మధ్య పైపులో ఒత్తిడి బయటి ఒత్తిడి కన్నా ఒక్క క్షణం తగ్గుతుంది, ఆ క్షణంలో సందులోనుంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వాయువే బయటికి తోసుకువస్తుంది, కాస్త గాలి చొరబడినా అంత ప్రవాహంలో లెక్కకు రాదు.

అయితే ఆ సందు ఎక్కడుందన్నది ముఖ్యం. రెండు సెన్సర్లకూ ముందే ఉంటే రెండూ ఒకే గాలిని పీల్చి మోసపోయేవి, ఈసీయూ అనవసరంగా ఇంధనం పెంచేది, ట్రిమ్ పైకెక్కేది. నాకు ట్రిమ్ బాగానే ఉంది కనుక, సందు రెండు సెన్సర్ల మధ్యనే ఉండాలి. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క ఫ్లాంజి, అంటే పైపు ముక్కలను కలిపి బిగించే చోటు. నెల్లూరు ఆటోనగర్‌లో నాకు తెలిసిన పెద్ద మెకానిక్ ఒకరు, నేను భాయ్ అని పిలుస్తాను, ఇంజను చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ చివర గుడ్డ చుట్టి బ్లోయరుతో గాలి పట్టించి, పంక్చరు షాపులో చేసినట్టే ఫ్లాంజి మీద సబ్బునీళ్లు పోశారు. కింది వైపున బుడగలు పొంగాయి. మీటరు సెన్సర్ కోసం బుష్ (సెన్సర్‌ను బిగించే మరల గూడు) వెల్డింగు చేసిన షాపువాళ్లు పాత గ్యాస్కెట్‌నే మళ్లీ వేసి బిగించారు. కొత్త గ్యాస్కెట్ వేశాక స్లోలో 15.5 కాస్తా 14.8 అయింది. ఇదే పరీక్ష మీరు కూడా చేయించండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ పైపు జోలికి వెళ్లవద్దు.

ల్యాప్‌టాప్‌లో కనబడే అదనపు 0.3కు మాత్రం ఎగ్జాస్టుతో సంబంధం లేదు, అది ఎర్త్ తేడా అని దాదాపు ఖాయంగా చెప్పగలను. చాలా మీటర్లు తమ విలువను 0 నుంచి 5 వోల్టులుగా బయటికి పంపుతాయి. 0 వోల్టుకు 10, 5 వోల్టులకు 20 అన్న లెక్క ఉన్నచోట 0.1 వోల్టు తప్పితే అంకెలో 0.2 తప్పుతుంది. సెన్సర్ లోపలి హీటరు ఒక ఆంపియరుకు పైనే కరెంటు లాగగలదు. ఆ కరెంటు, సిగ్నల్ ఒకే సన్నని ఎర్త్ వైరు మీదుగా తుప్పు పట్టిన బాడీ బోల్టుకు చేరుతుంటే, మీటరు సున్నా అనుకునేది, ఆ వోల్టులను ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసే రికార్డరుకు సున్నా కాదు. మల్టీమీటరు ఒక కొనను మీటరు ఎర్త్ మీద, మరో కొనను రికార్డరు ఎర్త్ మీద పెట్టి, ఇంజను నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూడండి. నా కారులో 0.16 వోల్టు వచ్చింది, అంటే అంకెలో 0.32. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో బాడీ బోల్టును నమ్ముకోవడం కన్నా, సిగ్నల్ ఎర్త్‌ను నేరుగా రికార్డరు ఎర్త్‌కు, హీటరు ఎర్త్‌ను విడిగా ఇంజను బ్లాకుకు వేయడం మేలు. కొన్ని మీటర్లకు ఎర్త్ వైరు ఒక్కటే ఉంటుంది. అప్పుడు దాన్ని రికార్డరు ఎర్త్ ఉన్నచోటికే తీసుకువెళ్లాలి.

సెన్సర్ వైరు చాలలేదని ఎవరైనా కనెక్టరును కోసి అతికిస్తామంటే ఒప్పుకోవద్దు. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 వంటి సెన్సర్లకు ఒక్కొక్కదానికీ ఫ్యాక్టరీలో సరిచేసిన చిన్న రెసిస్టరు ఆ కనెక్టరులోనే ఉంటుంది. దాన్ని పారేస్తే సెన్సర్ కొలత కూడా దానితోపాటే పోతుంది. పొడవు కావాలంటే కనెక్టరుకు అవతల, మీటరు కంట్రోలరు వైపు పెంచుకోవాలి. బుష్ పైపుకు కింది వైపున ఉంటే చల్లటి స్టార్టింగులో నీటి చుక్కలు పడి లోపలి సెరామిక్ పగులుతుంది, కనుక సెన్సర్ అడ్డంగా కాకుండా కనీసం పది డిగ్రీలు పైకి వాలి ఉండాలి. మీటరుకు కరెంటు లేకుండా సెన్సర్‌ను పైపులో వదిలి బండి నడపకూడదు, మసి పట్టి పాడవుతుంది. ఇంజనులో మిస్సింగ్ ఉంటే మండని ఆక్సిజన్ బయటికి వచ్చి రిచ్‌గా ఉన్నది కూడా లీన్‌గా కనబడుతుందని గుర్తుంచుకోండి.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం తీరకపోతే ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి చూడండి. ఇంధనం ఆగిపోయి పైపులో గాలి మాత్రమే మిగులుతుంది, రెండు సెన్సర్లూ ఒకటి రెండు సెకన్లలో లీన్ వైపు చివరి అంకెకు చేరాలి. వాటిలో ఒకటి మధ్యలోనే ఆగిపోతే, అప్పుడు ఆ సెన్సర్‌ను మార్చడానికి డబ్బు పెట్టండి. నా మీటరు 14.8 అంటే లాంబ్డా 1.01, కంపెనీ సెన్సర్‌కు, దానికి ఇప్పటికీ ఆ 0.01 తేడా ఉంది, దాన్ని నేను పట్టించుకోవడం లేదు.