ఆ ఫోటోలో నక్షత్రం ఏదండీ?

ప్రశ్న: జేమ్స్ వెబ్ టెలిస్కోప్ వేరే నక్షత్రం చుట్టూ ఉన్న గ్రహాన్ని ఫోటో తీసిందని పేపర్లో వేశారు. చూస్తే అసలు నక్షత్రమే లేదు, దాని చోట ఒక గుర్తు గీసి పెట్టారు. చుట్టూ నీలం పొగ, ఒక నారింజ చుక్క. ఇది నిజంగా ఫోటోయేనా, కంప్యూటర్లో చేసిందా? అయినా గ్రహం కోసం దుమ్ములో వెతకడమేమిటి?
- బీఎస్సీ విద్యార్థిని, తెనాలి

ఫోటోయేనమ్మా. కాకపోతే ఒక్క క్లిక్‌తో వచ్చింది కాదు. మీరు చెప్పేది 2025 జూన్‌లో వచ్చిన టీడబ్ల్యూఏ 7 నక్షత్రం బొమ్మ. దూరం 111 కాంతి సంవత్సరాలు. వయసు సుమారు 64 లక్షల ఏళ్లు. సూర్యుడి 460 కోట్ల ముందు అది నిన్నగాక మొన్న పుట్టినట్టే లెక్క.

నీలంగా ఉన్నది ధూళి. దాన్ని తీసింది చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోప్. నారింజ చుక్కలు వెబ్ తీసినవి. వెబ్ పట్టింది కంటికి కనిపించని పరారుణ కాంతి (వేడి వస్తువులు ఇచ్చేది) కాబట్టి ఏదో ఒక రంగు వెయ్యక తప్పదు. బొమ్మ మళ్లీ తీసి చూడండి: ఎడమ పక్క దూరంగా ఇంకో నారింజ చుక్క ఉంటుంది. అది గ్రహం కాదు, వెనకెక్కడో ఉన్న సంబంధం లేని నక్షత్రం. గుర్తుకి కుడివైపు, పైన ఉన్నదే అసలు చుక్క. ఈ ముక్క రాయని పేపర్లు చదివి రెండు గ్రహాలు దొరికాయనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

నక్షత్రాన్ని కావాలనే తీసేశారు. దాని వెలుగు ముందు గ్రహం ఆనదు. అందుకే టెలిస్కోప్ లోపల నక్షత్రం పడే చోట చిన్న అడ్డు పెడతారు. దీని పేరు కరోనాగ్రాఫ్. 1930 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో బెర్నార్ లియో దీన్ని సూర్యుడి కోసం చేశాడు, గ్రహణం దాకా ఆగకుండా సూర్యుడి చుట్టూ ఉండే పలచటి వాయు పొర కరోనాని చూడడానికి. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో ఉన్న వెల్క్ పరికరం కూడా ఈ కోవదే.

అడ్డు పెట్టినా పనైపోదు. పక్కలనుంచి కారిన వెలుగు అద్దాల్లో చెదిరి అచ్చం గ్రహాల్లాంటి దొంగ చుక్కలు పుట్టిస్తుంది. టెలిస్కోప్‌ని కాస్త తిప్పి మళ్లీ తీస్తే దొంగ చుక్కలు టెలిస్కోప్‌తో పాటే తిరుగుతాయి, ఆకాశంలో నిజంగా ఉన్నవి తిరగవు. లేదంటే అలాంటిదే ధూళి లేని ఇంకో నక్షత్రాన్ని తీసి, ఆ బొమ్మని ఇందులోంచి తీసివేస్తారు. మీరన్న కంప్యూటర్ పని ఇదే. ఇందులో కలిపేదేమీ లేదు, తీసేయడమే ఉంది.

ఇక దుమ్ము. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం తన పరికరాల కొలత సరిచూసుకోవడానికి అభిజిత్ నక్షత్రం వైపు తిరిగింది. అంతా ప్రామాణికంగా వాడే మామూలు నక్షత్రం కదా అని. తీరా చూస్తే దూర పరారుణంలో ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ వేడి వస్తోంది! చుట్టూ ఉన్న ధూళి వెచ్చబడి ఇస్తున్న వేడి అది. అయితే అంత సన్నటి ధూళి కలకాలం నిలవదు. మరీ సన్నదాన్ని నక్షత్రపు వెలుగే బయటికి నెట్టేస్తుంది, మిగిలింది మెల్లగా లోపలికి జారుతుంది. నక్షత్రం పుట్టి కోట్ల ఏళ్లయినా దుమ్ము ఉందంటే ఎవరో ఎప్పటికప్పుడు కొత్తది తయారు చేస్తున్నట్టే. అంటే కొండలంత రాళ్లు, తోకచుక్కల్లాంటి మంచుముద్దలు ఢీకొని పిండవుతున్నాయన్న మాట. రాళ్లు ఉన్నచోట గ్రహాలు కూడా ఉండొచ్చు. పైగా గ్రహం తన దారిలో దుమ్ముని ఊడ్చేస్తుంది, దుమ్ము వలయాన్ని ఒక పక్కకి లాగుతుంది, వంచుతుంది. మనం వెతికేది ఆ వంకరల్నే.

టీడబ్ల్యూఏ 7కి మూడు వలయాలున్నాయి. రెండోది సన్నగా ఉండి, అందులో ఒకచోట ఖాళీ ఉంది. శనిగ్రహమంత బరువున్నదేదో అక్కడ ఉండాలని లెక్క. చుక్క సరిగ్గా అక్కడే దొరికింది. దాని వేడి సుమారు 47 డిగ్రీలట, మే నెలలో రెంటచింతల అనుకోండి. అంత చల్లని వస్తువు ఇచ్చే వేడిని పట్టాలంటే వెబ్ లాంటిదే కావాలి. అయినా ప్రకటించిన రోజున ‘ధ్రువపడితే’ అన్న మాట పక్కనే పెట్టారు. అది నాకు నచ్చింది.

ఎందుకంటే దుమ్ము మోసం కూడా చేస్తుంది. 25 కాంతి సంవత్సరాల దూరంలోని ఫోమల్‌హాట్ నక్షత్రం చుట్టూ ఉన్న వలయం దగ్గర 2004, 2006 హబుల్ టెలిస్కోప్ ఫోటోల్లో ఒక చుక్క కనిపించింది. రెండు ఫోటోల మధ్య కదిలింది కూడా. 2008లో గ్రహమన్నారు. తర్వాత దానికి డాగన్ అని పేరూ పెట్టారు. కానీ పరారుణంలో ఎంత వెతికినా వేడి లేదు. 2014 నాటి ఫోటోల్లో చుక్కే మాయం. రెండు పెద్ద రాళ్లు గుద్దుకుని లేచిన ధూళి మేఘం అదని, అది పలచబడి పోయిందని 2020లో తేల్చారు. 2023 ఫోటోలో దగ్గర్లోనే ఇంకో కొత్త చుక్క లేచింది. అదీ అలాంటిదేనట. గ్రహం లేదు గానీ పేరు మాత్రం మిగిలింది.

నా వరకు నమ్మకమైన కేసు బీటా పిక్టోరిస్ నక్షత్రం. 1984లో బ్రాడ్‌ఫోర్డ్ స్మిత్, రిచర్డ్ టెరిల్ చిలీలోని లాస్ కంపానాస్‌లో దాని ధూళి చక్రాన్ని ఫోటో తీశారు. ధూళి చక్రానికి దొరికిన మొదటి ఫోటో అది. ఆ చక్రం మనకి అంచు వైపు నుంచి కనిపిస్తుంది, అంటే నక్షత్రానికి అటూ ఇటూ ఒక గీత. తర్వాత హబుల్ చూస్తే గీత లోపలి భాగం కాస్త వంగి ఉంది. గ్రహం ఉంటేనే ఆ వంపు వస్తుందని 1997లో లెక్క కట్టారు. 2003 ఫోటోల్లో ఒక పక్క చుక్క కనిపించింది, మధ్యలో కనబడకుండా పోయింది, 2009లో నక్షత్రానికి అవతలి పక్క తేలింది. సుమారు 1,400 డిగ్రీల సొంత వేడి ఉంది. లెక్క ముందు వచ్చింది, చుక్క తర్వాత వచ్చింది, తిరగాల్సినట్టే తిరిగింది. ఇంకేం కావాలి?

ప్రశ్న: అభిజిత్ చుట్టూ గ్రహాలు దొరికాయా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

లేదండీ. 2024లో వెబ్, హబుల్ రెండూ చూశాయి. చక్రం నున్నగా ఉంది. పెద్ద గ్రహాల జాడ లేదు.

ప్రశ్న: మాస్టారూ, మా స్కూల్లో చిన్న టెలిస్కోప్ ఉంది. పిల్లలకి ఈ ధూళి చూపించొచ్చా?
- సైన్స్ టీచర్, మదనపల్లె

ధూళి కనిపించదండీ, ఆశ పెట్టుకోవద్దు. నక్షత్రాల్ని మాత్రం చూపించొచ్చు, వాటికి టెలిస్కోపే అక్కర్లేదు. ఆగస్టులో రాత్రి తొమ్మిదికి ఉత్తరాన బాగా ఎత్తులో అభిజిత్. నవంబర్ మధ్యలో రాత్రి ఏడింటికి దక్షిణాన ఒంటరిగా మెరిసేది ఫోమల్‌హాట్. బీటా పిక్టోరిస్‌కి కొంచెం ఓపిక కావాలి. ఫిబ్రవరి మొదట్లో రాత్రి తొమ్మిదికి దక్షిణానికి తిరిగి, కింద అగస్త్య నక్షత్రాన్ని పట్టుకోండి. చెయ్యి చాచి మూడు నాలుగు వేళ్ల వెడల్పు కుడికి, కాస్త పైకి. మసక నక్షత్రం కాబట్టి ఊరి లైట్ల నుంచి బయటికెళ్లాలి. మా డాబా మీద నుంచి అగస్త్యుడు దాటి నాకేమీ దక్కదు. మీకు కొండలున్నాయి, దక్షిణం వైపు అడ్డం లేని చోటు చూసుకోండి.