కంచె అవతల కుర్చీ

చి.సౌ. అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం ఫోనులో గంటసేపు మాట్లాడావు. పాప చదువు గురించి పది నిమిషాలు, టెన్నిస్ ఆట గురించి పది నిమిషాలు, మిగతా నలభై నిమిషాలూ ఆ ఎదుటి అమ్మాయి తల్లి గురించి. గీత మీద పడిన బంతిని వాళ్ళ పిల్ల అవుట్ అందనీ, నువ్వు కంచె దాకా వెళ్ళి అరిచావనీ, ఇప్పుడు గుళ్ళో ఎదురుపడితే ఇద్దరూ మొహాలు తిప్పుకుంటున్నారనీ చెప్పావు. చివర్లో, ఇల్లు అమ్మేసి వేరే బడి పరిధిలోకి మారిపోదామా అన్నావు. ఫోనులో అయితే నన్ను పూర్తిగా చెప్పనివ్వవు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి విను. 2006లో మీ అన్నయ్యకు పద్నాలుగేళ్ళు. డల్లాస్ పక్కన ప్లేనోలో టోర్నమెంటు. జూనియర్ల ఆటల్లో ప్రతి కోర్టుకూ అంపైర్ ఉండడని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తమ వైపు పడిన బంతి లోపలో బయటో ఆడేవాళ్ళే చెప్పాలి, అనుమానం ఉంటే లోపల పడినట్టే లెక్క. మూడో సెట్టులో బంతి వెనక గీత మీద పడి జారింది. నేను కళ్ళారా చూశాను. వాడు చెప్పడానికి ఒక్క క్షణం తటపటాయించి నావైపు చూశాడు. నేను చూపుడువేలు ఎత్తాను. ఛాతీ దగ్గరే, ఎవరికీ కనబడనంత చిన్నగా. వాడు అవుట్ అన్నాడు, మ్యాచ్ గెలిచాడు.

ఎవరికీ కనబడలేదనుకున్నది నేనొక్కదాన్నే. అవతలి కుర్రవాడి తల్లి నా పక్కనే కూర్చుని ఉంది. ఏటా ఎండాకాలంలో మేమిద్దరం కలిసి ఆవకాయ పెట్టేవాళ్ళం. డల్లాస్ చుట్టుపక్కల పుల్లటి కాయ ఏ కొట్లో దొరుకుతుందో కనిపెట్టింది ఆవిడే. మరుసటి ఏడు ఆవిడ పిలవలేదు, నేనూ అడగలేదు. అది ఒక ఎత్తు. కారులో వస్తూ మీ అన్నయ్య "నిజంగా అవుటేనా అమ్మా?" అని అడగడం ఒక ఎత్తు. అవునన్నాను. వాడు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. రెండేళ్ళు తిరగకుండానే రాకెట్ గ్యారేజీలోకి చేరింది.

కాబట్టి నువ్వు మొట్టమొదట చేయాల్సిన పని, నీ కుర్చీని కంచెకు దూరంగా వేసుకోవడం. పాప నీ మొహం చూడాలంటే తల పూర్తిగా వెనక్కి తిప్పాల్సి రావాలి. అన్యాయం జరిగిందనిపిస్తే ఎదుటి పిల్లను "సరిగ్గా చూశావా?" అని ఒక్కసారి మర్యాదగా అడగడం పాపకు నేర్పు. మళ్ళీ జరిగితే కోర్టుల మధ్య తిరిగే అధికారిని పాపే పిలవాలి. ఆయన వచ్చి కోర్టు పక్కన నిలబడితే చాలు, ఎంత తెంపరి పిల్లకైనా గీత ఉన్నట్టుండి కనబడడం మొదలవుతుంది. పిలవడానికి పాపకు మొహమాటంగా ఉంటుంది, పోనీ. నాలుగు పాయింట్లు పోగొట్టుకుంటే అదే పిలుస్తుంది. నువ్వు వెళ్ళి అరిస్తే మాత్రం ఎప్పటికీ నేర్చుకోదు.

అరుపు దగ్గర ఆగుతుందిలే అనుకోకు. మన టెక్సాస్‌లోనే, హ్యూస్టన్ పక్కన ఛానల్‌వ్యూ అనే ఊళ్ళో 1991లో వాండా హాలవే అనే ఆవిడ అరెస్టయింది. కూతురికి బడి చీర్‌లీడర్ జట్టులో చోటు దక్కలేదని, పోటీ పిల్ల తల్లినే చంపించబోయింది. తల్లి పోయిన దిగులుతో ఆ పిల్ల ఎంపికకు రాదని ఆవిడ లెక్క. బయానా కింద వజ్రాల దుద్దులు ఇచ్చింది! కుదుర్చుకున్న మనిషి పోలీసులకు చెప్పబట్టి ఆ తల్లి బతికింది. ఆ పిల్లలకు అప్పుడు పదమూడేళ్ళు, మన పాప వయసే. నిన్ను ఆవిడతో పోలుస్తున్నానని అలగకు. ఆవిడా మొదటిరోజు దుద్దులతో మొదలుపెట్టి ఉండదు కదా.

ఇక ఇల్లు. మారాలనే ఉంటే పాప తొమ్మిదిలో చేరకముందే మారు. హైస్కూల్లో చేరాక ఆట కోసమే బడి మారినట్టు తేలితే, కనీసం ఒక ఏడాదిపాటు వార్సిటీలో, అంటే బడి ప్రధాన జట్టులో ఆడనివ్వరు. బడి ఆటలను నడిపే యూఐఎల్ వాళ్ళ నిబంధన అది. పాత బడి నుంచి కాగితం కూడా తెప్పించుకుంటారు. ఒకవేళ ఆట పేరు చెప్పి నీ మనసులో ఉన్నది ర్యాంకు అయితే, ఆ లెక్కా సరిగ్గా వేసుకో. 1997లో చట్టం వచ్చినప్పుడు తరగతిలో పై పదిశాతంలో ఉంటే ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో సీటు ఖాయం. తరవాత అది ఆరుకు దిగింది, 2026లో చేరేవాళ్ళ నుంచి ఐదు. అయినా ఖాయమయ్యేది విశ్వవిద్యాలయంలో సీటే, కోరుకున్న కోర్సులో కాదు. కంప్యూటర్ సైన్సుకు, ఇంజనీరింగుకు వేరే వడపోత ఉంటుంది. ర్యాంకు తేలికగా వస్తుందని బడి మార్చి, స్నేహితులందరినీ వదిలించి, తీరా అక్కడికి వెళ్ళాక ఆ పిల్ల కోరిన చదువు దొరక్కపోతే ఏం చెబుతావు?

నువ్వు చెప్పిన ఆ కౌన్సెలర్ విషయానికి వస్తాను. వ్యాసాలు దిద్దుతాననీ, కాలేజీల జాబితా తయారు చేస్తాననీ అంటే డబ్బు ఇవ్వు, తప్పులేదు. "కోచ్‌తో నేను మాట్లాడతాను" అన్న మరుక్షణం లేచి వచ్చెయ్. 2019 మార్చిలో బయటపడిన రిక్ సింగర్ వ్యవహారం అదే. అతనూ కౌన్సెలరే, కోచ్‌లకు లంచాలిచ్చి డబ్బున్నవాళ్ళ పిల్లలకు సీట్లు ఇప్పించాడు. దొడ్డిదారి అంటే పెద్ద విరాళాలు ఇచ్చేవాళ్ళదనీ, తనది పక్క తలుపు అనీ చెప్పుకునేవాడు. పడవ నడపని పిల్లల్ని వ్యాయామ యంత్రం మీద కూర్చోబెట్టి ఫోటోలు తీయించి, పడవ పందేల క్రీడాకారులుగా చూపించాడు. అదంతా కాలిఫోర్నియా గొడవ అనుకోకు. మన ఆస్టిన్‌లో పురుషుల టెన్నిస్ కోచ్ మైకేల్ సెంటర్ దాదాపు లక్ష డాలర్లు పుచ్చుకుని, ఆ స్థాయి ఆట లేని కుర్రవాణ్ణి టెన్నిస్ ఆటగాడిగా చేర్పించాడు. 2020లో ఆరునెలల జైలు పడింది. నాకు కోపం వచ్చేది ఆ జైలు గురించి కాదు. ఆ ఒక్క చోటు కోసం ఆరేళ్ళ వయసు నుంచి ఎండలో ఆడిన కుర్రవాడు ఎవడో ఒకడు ఉంటాడు. తనకు ఎందుకు రాలేదో వాడికి ఎవరూ చెప్పరు.

ఆట సీటు తెస్తుందా అన్నావు. తేవచ్చు. సీట్ల ఎంపిక గురించి హార్వర్డ్ మీద నడిచిన దావాలో బయటపడిన లెక్కల్లో, కోచ్‌లు ఎంపిక చేసుకున్న క్రీడాకారుల్లో 86 శాతం మందికి సీటు వచ్చింది. మీ గుంపులో అందరూ ఈ అంకెనే పంపించుకుంటున్నారు. కానీ అది కోచ్ జాబితాలోకి ఎక్కినవాళ్ళ లెక్క. ఎక్కడమే కొండ. కాలేజీ టెన్నిస్ పై శ్రేణిలో ఆడే అమ్మాయిల్లో సగానికి పైగా ఇతర దేశాలనుంచి వచ్చినవాళ్ళే. పాప పోటీ పడాల్సింది మీ ఊరు ఫ్రిస్కోలో పక్కవీధి పిల్లతో కాదు, యూరప్‌లో రోజుకు ఐదుగంటలు ఆడే అమ్మాయిలతో. పైగా హార్వర్డ్‌లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్పు అసలు ఉండదు. ఏటా కోచింగుకు, ప్రయాణాలకు, హోటళ్ళకు పెడుతున్నది ఒక్కసారి కాగితం మీద కూడి చూడు. మీ ఆయనకు చూపించకు, బెంగపడతాడు.

మరి మానేయాలా? అక్కర్లేదు. బడి జట్టులో ఆడించు. రెండు బడుల మధ్య జరిగే ఒక్కో టీం టెన్నిస్ పోటీలో మొత్తం పందొమ్మిది మ్యాచ్‌లు, పది గెలిచిన బడిది గెలుపు. ఆ జట్టులో పాప పక్కన డబుల్స్ ఆడబోయేది ఎవరో తెలుసా? నువ్వు గుళ్ళో మొహం తిప్పుకున్నావే, ఆవిడ కూతురు. రెండు ఇళ్ళూ ఒకే హైస్కూలు పరిధిలో ఉన్నాయని నువ్వే చెప్పావు. ఈ మాట నీకు తట్టలేదు, పాపకు మాత్రం ఎప్పుడో తట్టింది. మొన్న నాతో మాట్లాడుతూ ఆ అమ్మాయి బ్యాక్‌హ్యాండ్ చాలా బాగుంటుందంది.

శనివారం మ్యాచ్ ఎనిమిదింటికి అన్నావు కదా. నేనూ వస్తున్నాను. పులిహోర తెస్తాను, నీళ్ళు నువ్వు తీసుకురా. మడత కుర్చీలు రెండూ నా కారులోనే ఉన్నాయి. ఎక్కడ వేయాలో నాకు తెలుసు.

పెద్దమ్మ